పసిబిడ్డ నోట్లో పడేదంతా మందే

(వార్షిక సర్వసభ్య సమావేశంలో మాతా శిశు సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా మేము ఇక్కడ నిలబడి ఎంతమంది బాలింతలకు సాయం అందిందో లెక్క చెప్పి కూర్చుంటాం. ఈసారి ఆ లెక్క కార్యదర్శిగారి నివేదికలో చూసుకోవచ్చు. మాకు దొరికిన ఈ కొద్ది సమయాన్ని ఒక పొరపాటు గురించి చెప్పడానికి వాడుకుంటాం. ఆ పొరపాటు మాది. మీ సొమ్ముతో జరిగింది కాబట్టి మీ ముందే ఒప్పుకోవాలి.

మన సంస్థ ప్రసవమైన పేద తల్లులకు ఒక సంచి ఇస్తుందని మీకు తెలుసు. అందులో దుప్పటి, బిడ్డకు మెత్తటి బట్టలు, సబ్బు, తల్లికి ఖర్జూరం, బెల్లం ఉంటాయి. కొన్నేళ్లపాటు దానిలో ఒక సోంపు పొట్లం కూడా పెట్టాం. “బిడ్డ కడుపునొప్పితో ఏడిస్తే సోంపు నీళ్లు పట్టండమ్మా” అని సంచి చేతికిస్తూ మేమే చెప్పేవాళ్లం. ఎన్ని చెంచాలు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. ఇళ్లలో దాదీలు, నానీలు ఎప్పటినుంచో పడుతున్నదే కదా, దీనికి కొలతేమిటి అనుకున్నాం.

అలా సంచి తీసుకున్న ఒక తల్లి తన ఎనిమిది నెలల ఆడబిడ్డను చున్నీలో చుట్టుకుని మా వైద్య శిబిరానికి వచ్చింది. అందరూ వెళ్లిపోయేదాకా ఒక మూలన కూర్చుంది. చివరికి మా డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, బిడ్డ చొక్కా పైకెత్తి చూపించింది. రెండు పక్కలా రొమ్ములు ఉబ్బి ఉన్నాయి. ఆమె అడిగిన మొదటి మాట జబ్బు గురించి కాదు. “ఈ సంగతి మా అత్తగారి వైపు వాళ్లకు తెలిస్తే ఏమంటారో మేడమ్. నా కూతురు ఇప్పుడే పెద్దమనిషి అవుతుందా?” అని అడిగింది.

పాలు కాకుండా ఏమైనా మందులు ఇస్తున్నారా అని డాక్టరమ్మ అడిగారు. “ఏమీ లేదు మేడమ్, దేవుడి దయవల్ల బిడ్డకు ఒక్క మందు కూడా వాడలేదు” అంది. పక్కనున్న నానీమా కూడా అదే మాట చెప్పింది. ఇంకేం తాగుతుంది అని మళ్లీ అడిగితే అప్పుడు బయటపడింది. చిల్లా దాటినప్పటి నుంచి రోజూ సోంపు మరిగించిన నీళ్లు సీసాలో పోసి పడుతున్నారు. ఏడ్చినప్పుడల్లా అదే, దాహానికీ అదే. పొట్లం అయిపోతే కిరాణా కొట్లో కొని మళ్లీ కాచారు. ఆ తల్లి అబద్ధం చెప్పలేదు. సోంపు నీళ్లు మందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పకుండా ఇచ్చినవాళ్లం మేము.

డాక్టరమ్మ ఆ నీళ్లు ఆపించి, బిడ్డను హార్మోన్ల వైద్యం తెలిసిన పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. రక్తపరీక్ష, కడుపు స్కానింగు, ఎముకల వయసు తెలుసుకోవడానికి మణికట్టు ఎక్స్‌రే తీయించారు. ఆందోళన పడాల్సిన జబ్బేదీ కనిపించలేదు. నెలలు గడిచేకొద్దీ వాపు తగ్గుతూ వచ్చింది, అల్‌హమ్‌దులిల్లాహ్. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ బిడ్డకు వాపు సోంపు వల్లే వచ్చిందని మేము ప్రమాణం చేయలేం. రెండేళ్లలోపు ఆడపిల్లల్లో ఏ కారణం లేకుండా కూడా ఇలా వచ్చి, దానంతటదే తగ్గిపోవడం ఉంది. కానీ ఆ రోజు తర్వాత మేము చదవడం మొదలుపెట్టాం. చదివినకొద్దీ మా పొట్లం మీద మాకే అనుమానం పెరిగింది.

టర్కీ దేశంలో కూడా పసిపిల్లలకు సోంపు టీ పట్టడం చాలా మామూలు అలవాటు. అక్కడి పిల్లల శస్త్రవైద్యులు 2008లో ఒక వ్యాసం ప్రచురించారు. ఈడు రాకుండానే రొమ్ములు పెరిగిన ఆడపిల్లల్లో, ఎక్కువకాలం సోంపు టీ తాగుతున్నవాళ్లను వారు గమనించారు. రక్తంలో ఈస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోను ఆ వయసుకు ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువగా ఉంది. టీ ఆపించాక ఆ లక్షణాలు వెనక్కి తగ్గాయి. 2014లో అదే దేశం నుంచి మరో వైద్య బృందం కూడా సోంపు టీకి, ఇలాంటి మార్పులకు సంబంధం ఉందేమోనన్న ప్రశ్నతో పిల్లల వివరాలు ప్రచురించింది. ఇవి కొద్దిమంది పిల్లల మీద రాసినవే. అందుచేత సోంపు తాగిన ప్రతి బిడ్డకూ ఇలా అవుతుందని అర్థం కాదు. కానీ ఆపితే తగ్గడం అనేది పట్టించుకోవలసిన సంగతి. ఐరోపా మందుల సంస్థ వారి మూలికల కమిటీ కూడా నాలుగేళ్లలోపు పిల్లలకు సోంపు టీని సిఫారసు చేయడం లేదు. ఆ వయసు పిల్లలకు క్షేమమని చెప్పడానికి చాలినంత ఆధారం లేదన్నది వారి కారణం.

సోంపులో ఏముంది? దాని వాసనకు, తీపికి మూలం అనెథోల్ అనే పదార్థం. ఆ అనెథోల్ అణువులు రెండేసి కలిసి ఏర్పడే రూపాలు స్త్రీ హార్మోనులా పనిచేస్తాయని పరిశోధకులు 1980లోనే ప్రస్తావించారు. ఈడు రాని ఆడబిడ్డ శరీరంలో స్త్రీ హార్మోను బహు తక్కువగా ఉంటుంది. అంత తక్కువ ఉన్నచోట బయటినుంచి కొంచెం వచ్చినా శరీరం దాన్ని గుర్తుపడుతుంది. మగబిడ్డకైనా ఇది వర్తిస్తుంది. ఇలాంటి ప్రభావం చాలాకాలం సాగితే రొమ్ము వాపుతో ఆగకపోవచ్చు. ఎముకలు వయసుకు మించి ముదిరితే బిడ్డ ముందు త్వరగా పొడవు పెరిగి, తర్వాత పెరుగుదల త్వరగా ఆగిపోతుంది. పెద్దయ్యాక పొట్టిగా మిగిలిపోవచ్చు. డాక్టర్లు మణికట్టు ఎక్స్‌రే తీయించేది ఇందుకే.

ఇదంతా డాక్టర్ల మాట, మన పెద్దల వైద్యం వేరు అనుకునేవారు ఉంటారు. మేమూ అలాగే అనుకుని, మన సంస్థకు మొదటినుంచీ తోడుగా ఉన్న ఒక వృద్ధ హకీం సాబ్ దగ్గరికి వెళ్లాం. విషయమంతా విని ఆయన నవ్వారు. “బేటా, బాదియాన్ మీరు కొత్తగా కనిపెట్టారా? బాలింతకు పాలు పడటానికి, నెలసరి సరిగా రావడానికి మా ఉస్తాదులు నుస్ఖాలో రాసేవారు. తూకం రాసేవారు, ఇన్ని రోజులని రాసేవారు. ఆడవాళ్ల ఒంట్లో ఇంత పని చేసే దినుసు పసిబిడ్డ ఒంట్లో ఊరికే కూర్చుంటుందా? సీసా నింపి రోజంతా పట్టమని ఏ హకీం చెప్పాడు మీకు?” అన్నారు.

ఆ మాట మా కళ్లు తెరిపించింది. మేము పాటిస్తున్నది పెద్దల వైద్యం కాదు. పెద్దల వైద్యంలోంచి దినుసు పేరు మాత్రం తీసుకుని, తూకాన్నీ గడువునూ వదిలేశాం. హకీం సాబ్ చెప్పింది, టర్కీ డాక్టర్లు రాసింది కలిపి చూస్తే రెండింటికీ తగాదా లేదు. గుణమున్న దినుసుకు దోషం కూడా ఉంటుందని ఇద్దరూ చెబుతున్నారు.

సోంపుకు గుణం లేదని మేము అనడం లేదు. 2003లో ప్రచురితమైన ఒక రష్యా పరీక్షలో, కడుపునొప్పితో ఏడ్చే శిశువులకు సోంపు నూనెతో చేసిన మందును కొలత ప్రకారం, పరిమితమైన రోజులు ఇస్తే ఉపశమనం కనిపించింది. అది కొలిచి ఇచ్చిన మందు. మనం ఇచ్చేది గుప్పెడు వేసి కాచిన నీళ్లు. ఒక చిన్న లెక్క చూడండి. ఐదు కిలోల బిడ్డ ఒక గ్లాసు తాగడమంటే, బరువును బట్టి అరవై కిలోల మనిషి పన్నెండు గ్లాసులు తాగినట్టు. మనలో ఎవరైనా రోజూ పన్నెండు గ్లాసుల కషాయం తాగుతామా?

మరి తరతరాలుగా పట్టారు కదా, ఏమీ కాలేదు కదా అని అడుగుతారు. మా నానీమాలు పట్టింది ఉగ్గుగిన్నెలో అడుగున పట్టేంత. ఎప్పుడో కడుపుబ్బరం వచ్చినప్పుడు. ఈనాడు పాలసీసా వచ్చింది, దానితో మోతాదు పెరిగింది. ఇంకొక సంగతి కూడా ఉంది. పసిపిల్లల కడుపునొప్పి ఏడుపు ఆరు వారాల వయసులో ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు సాధారణంగా దానంతటదే తగ్గిపోతుంది. ఆ సమయంలో ఏ నీళ్లు పట్టినా, తగ్గిన పేరు ఆ నీళ్లకే వస్తుంది. ఈలోగా కడుపు ఆ నీళ్లతో నిండి తల్లిపాలు తగ్గుతాయి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇందుకే.

సోంపు ఒక్కదానితో ఈ విషయం అయిపోదు. మన ఇళ్లలో వాడే ఇంకో మూడింటి గురించి క్లుప్తంగా చెబుతాం.

మొదటిది అతిమధురం, మనం ములేఠీ అంటాం. దగ్గుకు అరగదీసి నాకిస్తారు, కొన్ని ఘుట్టీల్లోనూ కలుస్తుంది. దీన్ని ఎక్కువగా వాడితే శరీరంలోని కార్టిసాల్ అనే హార్మోనును మూత్రపిండాలు అదుపు చేయలేవు. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. పెద్దవాళ్లలోనే దీనివల్ల ఆసుపత్రి పాలైనవారున్నారు.

రెండవది తల్లి తాగే కషాయాలు. 1994లో ఇటలీ వైద్యులు ఇద్దరు శిశువుల గురించి రాశారు. పాలు పడాలని వారి తల్లులు ములేఠీ, సోంపు వంటివి కలిసిన మూలికల టీని రోజుకు రెండు లీటర్లకు పైగా తాగారు. బిడ్డలు నీరసించి, కాళ్లూ చేతులూ వాలేసి, పాలు సరిగా పీల్చలేకపోయారు. తల్లులు ఆ టీ మానగానే కోలుకున్నారు. బాలింత భోజనం చేశాక చిటికెడు సోంపు నమిలితే భయపడనక్కర్లేదు. చెంబులకొద్దీ కాచి తాగించకండి.

మూడవది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. పేరు లేని పొడులు. “నాలుగు పూటలు వేయండి, బిడ్డ బొద్దుగా అవుతాడు, ఆయాసం పోతుంది, గజ్జి పోతుంది” అని కాగితంలో చుట్టి ఇస్తారు. ఇలాంటి వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్ మందు కలిపిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. స్టెరాయిడ్ కూడా హార్మోనే. బిడ్డకు ఆకలి పెరిగి, బుగ్గలు గుండ్రంగా ఉబ్బుతాయి. ఇల్లంతా మురిసిపోతుంది. కానీ ఎత్తు పెరగడం ఆగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, చిన్న జ్వరం కూడా పెద్ద జబ్బవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. అలాంటి పొడి చాలాకాలం వాడి ఉంటే, ఇంట్లోనే ఉన్నట్టుండి ఆపేయకండి. బయటి స్టెరాయిడ్‌కు అలవాటుపడి ఒంట్లో సొంత హార్మోను తయారీ నిద్రపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లంతో సహా బిడ్డను అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సోంపు నీళ్లను మాత్రం వెంటనే మానేయవచ్చు, ఏ ప్రమాదమూ లేదు.

తహ్నీక్ సంగతేమిటని అక్కాచెల్లెళ్లు అడుగుతుంటారు. చేతులు శుభ్రంగా కడుక్కుని, ముక్కలు లేకుండా మెత్తగా చేసిన ఖర్జూరాన్ని వేలికొసకు అంటించి అంగిటికి రాయడంలో హార్మోన్ల భయమేమీ లేదు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు. దానిలోని ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డల పేగుల్లో పెరిగి నరాలను చచ్చుబడేలా చేయగలదు.

ఇంకొక అలవాటు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. పుట్టిన కొద్ది రోజులకు ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా రొమ్ములు కొంచెం ఉబ్బడం, ఒక్కోసారి పాలచుక్క రావడం సహజం. అది కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావం. కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. మన ఇళ్లలో స్నానం చేయించేటప్పుడు ఆ పాలు పిండేయాలంటారు. దయచేసి పిండకండి. చీము పట్టి ఆపరేషన్ దాకా పోతుంది. ఆ వయసులో ఉబ్బితే ముట్టుకోకుండా వదిలేయాలి. నెలలు గడిచాక కొత్తగా ఉబ్బినా, తగ్గకుండా పెరుగుతున్నా, ఎర్రబడినా, ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లకు రొమ్ములు పెరిగినా, రక్తస్రావం కనిపించినా, అకస్మాత్తుగా పొడవు పెరిగినా డాక్టరుకు చూపించాలి. సిగ్గుతో దాచకూడదు. ఆ తల్లి మూలన కూర్చుని ఎదురుచూసిందే, అలా ఏ తల్లీ కూర్చోకూడదు.

ఇక మేము ఏం చేశామో చెబుతాం. సంచిలోంచి సోంపు పొట్లం తీసేశాం. దాని స్థానంలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కార్డు పెట్టాం. ఆరు నెలలదాకా తల్లిపాలే అని, ఏడుపు ఆగకపోతే భుజాన వేసుకుని త్రేనుపు తెప్పించమని, జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం ఉంటే ఆసుపత్రికి రమ్మని ఆ కార్డులో ఉంది. చదవలేని తల్లికి మా కార్యకర్త చదివి వినిపిస్తుంది. శిబిరంలో అడిగే ప్రశ్న కూడా మార్చాం. “మందులేమైనా ఇస్తున్నారా” అని అడగడం మానేశాం. “పాలు కాకుండా బిడ్డ నోట్లో ఏమేం పడుతోంది? ఘుట్టీ, సోంపు, వాము, వస, ములేఠీ, ఏదైనా పొడి?” అని ఒక్కొక్క పేరూ అడుగుతున్నాం. పేరు పెట్టి అడిగితేనే జవాబు వస్తోంది.

పాత సంచులు తీసుకున్న ఇళ్లకు వెళ్లి మా మాట మేమే వెనక్కి తీసుకుంటున్నాం. కొన్ని ఇళ్లలో దాదీమాలు కోప్పడ్డారు. “మీరే ఇచ్చారు, మీరే వద్దంటున్నారు” అన్నారు. వాళ్ల కోపం న్యాయమే. తల వంచుకుని విన్నాం.

దాతలకు మా మనవులు మూడు. ఒకటి, బలం మందులు, ఘుట్టీ సీసాలు, గ్రైప్ వాటర్ పెట్టెలు సదఖాగా పంపకండి. ఆ సొమ్మును బాలింత తిండికి ఇవ్వండి. తల్లి తిన్న గుడ్డు, పప్పు బిడ్డకు ఏ టానిక్ కన్నా మేలు. రెండు, హార్మోన్ పరీక్షలు, ఎక్స్‌రే, పెద్దాసుపత్రికి రానుపోను ఖర్చు భరించలేని కుటుంబాల కోసం మేము విడిగా ఒక నిధి పెట్టాలనుకుంటున్నాం. దానికి చేయి అందించండి. ఆ ఎనిమిది నెలల బిడ్డ ఖర్చు ఆ రోజు మా సభ్యులే జేబుల్లోంచి వేసుకున్నారు. ప్రతిసారీ అలా కుదరదు. మూడు, మీలో మందుల దుకాణాలున్నవారు, కిరాణా వ్యాపారులు ఉన్నారు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ లేని పొడిని, సీసాను పసిబిడ్డ పేరు చెప్పి అడిగినవారికి అమ్మకండి. యునాని, ఆయుర్వేద మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి 2018 నుంచి ఆయుష్ శాఖ కార్యక్రమం నడుస్తోంది. చెడు జరిగినప్పుడు నలుగురిలో చెప్పుకుని ఊరుకోకుండా డాక్టరు ద్వారానో హకీం ద్వారానో అక్కడ రాయిద్దాం. రాస్తేనే రేపటి బిడ్డకు మేలు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడనే బోధ సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఉలమాలు దీన్ని హకీములకు, డాక్టర్లకు చెబుతుంటారు. మంచి మనసుతో సంచిలో ఒక పొట్లం పెట్టినవాళ్లకు కూడా అది వర్తిస్తుందని మేము ఆలస్యంగా తెలుసుకున్నాం. సాయం చేసే చేతికి కొలత తెలియాలి. మీరు ఇచ్చే ప్రతి రూపాయికీ లెక్క చెప్పినట్టే, మేము ఇచ్చే ప్రతి వస్తువుకూ ఇకమీదట జవాబు చెబుతాం, ఇన్షా అల్లాహ్.

ఆ బిడ్డకు ఇప్పుడు నడక వచ్చింది. పోయిన శిబిరంలో కుర్చీలు పట్టుకుని తిరుగుతూ మా రిజిస్టరు లాగేసింది. అల్లాహ్ ఆ బిడ్డకూ, మన బస్తీల్లోని పసిపిల్లలందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. మన పొరపాట్లను మన్నించి, మన సదఖాలను స్వీకరించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.